జబ్బని చెప్పిన మాట

అనంతపురంలో బయలుదేరినప్పటి నుంచి గొంతులో అడ్డం పడి ఉన్న మాటను, జీపు కదిరి దాటాక పద్మజ బయటపెట్టింది.

"నూరియా, ఏమీ అనుకోకండి. ఈ ఒక్కరోజుకు తలకు కట్టుకున్న ఆ గుడ్డ తీసేస్తారా? ఊళ్ళో ఉన్నంతసేపే."

స్పానిష్‌లో అడిగింది. ముందు సీట్లో బండి తోలుతున్న బాబావలికి ఆ భాష రాదు. అయినా అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూశాడు.

"ఎందుకు?" అంది నూరియా.

ఎందుకో చెప్పడం పద్మజకు చేతకాలేదు. కిటికీలోంచి ఎర్రటి బీళ్ళను చూస్తూ కూర్చుంది. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. చెనిక్కాయ విత్తినవాళ్ళు విత్తనం పోయిందని ఏడుస్తున్నారు, విత్తనివాళ్ళు సగం మంది ఇళ్ళకు తాళాలేసి బెంగళూరుకు బస్సెక్కారు.

పద్మజ ధర్మవరం నేతగాళ్ళ ఇంటి పిల్ల. అనంతపురంలో డిగ్రీ చదువుతూ, అక్కడ ఒక విదేశీ సేవాసంస్థలో స్పానిష్ నేర్చుకుని దుబాసిగా చేరింది. స్పెయిన్‌లో ఉండేవాళ్ళు ఇక్కడి కరువు పల్లెల్లో ఒక్కో బిడ్డ చదువును తమ మీద వేసుకుంటారు. ఎప్పుడైనా ఆ బిడ్డను చూడటానికి వస్తే, వెంట వెళ్ళి ఈ మాట ఆ భాషలో, ఆ మాట ఈ భాషలో చెప్పడం పద్మజ పని.

నూరియా చదివిస్తున్న పిల్ల పేరు అశ్విని. తనకల్లు నుంచి లోపలికి పోతే నల్లగుట్టపల్లి. తల్లి లేదు. నాయన గొర్రెలను తోలుకుని మడకశిర దిక్కు పోతే నెలల తరబడి రాడు. అవ్వ రామాంజినమ్మే పెంచుతోంది. అశ్విని ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నూరియా ఒకసారి వచ్చింది. అప్పుడు ఆమెకు నడుము దాకా బంగారు రంగు జుట్టు. రామాంజినమ్మ ఆమెను గడపలో కూర్చోబెట్టి, తలకు నూనె రాసి, జడ వేసి కనకాంబరాలు పెట్టింది. ఊరంతా వచ్చి చూసిపోయింది.

ఇన్నేళ్ళకు మళ్ళీ వచ్చింది. ఈ మధ్యలో ఆమె ముస్లిం అయింది.

ఆ సంగతి నూరియా దాచలేదు. పొద్దున టిఫిన్ తింటూ తనే చెప్పింది. బార్సిలోనాకు ఉత్తరాన చిన్న ఊరు వాళ్ళది. తన చిన్నప్పుడు ఆ ఊళ్ళో ఒక్క ముస్లిం కూడా లేడట. తర్వాత మాంసం ఫ్యాక్టరీలు వచ్చాయి. ఊరివాళ్ళు ఆ పనికి పోమంటే మొరాకో నుంచి, ఆఫ్రికా నుంచి మనుషులు వచ్చారు. మొదట మగవాళ్ళు, తర్వాత భార్యలు, తర్వాత అక్కడే పుట్టిన పిల్లలు. ఇప్పుడు బడిలో ప్రతి తరగతిలోనూ వాళ్ళ పిల్లలున్నారు. నూరియా ముసలివాళ్ళ ఆశ్రమంలో నర్సు. ఆమెతో పాటు ఫతీహా అనే మొరాకో ఆమె పనిచేసేది. దిక్కులేని ముసలాయన ఒకడు చనిపోతే, ఎవరూ చూడని ఆ దేహాన్ని ఫతీహా కన్నతండ్రిని కడిగినట్టు కడిగిందట. "ఆరోజు నుంచి ఆమెను తన మతం గురించి అడగడం మొదలుపెట్టాను" అంది నూరియా.

ఇప్పుడు జీపులో నూరియానే అందుకుంది. "ఉద్యోగంలో తీయమన్నారు. మా అమ్మ తీయమంది. తీయలేదు. ఇక్కడ నన్ను ప్రేమగా చూసినవాళ్ళ దగ్గర తీయాలా?"

పద్మజ ఇంక అడగలేదు. ఆమె ఫోనులో ఒక వీడియో ఉంది. ఆ వారమే నల్లగుట్టపల్లి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటే, ఆ ఊళ్ళో సంస్థ తరఫున ట్యూషన్ చెప్పే పిల్ల పంపింది. ఏదో యూరప్ దేశంలో వీధి నిండా వరసలుగా మగవాళ్ళు నమాజు చేస్తున్నారు. పైన ఒక గొంతు, "పదేండ్లలో ఆ దేశం వాళ్ళది అయిపోతుంది, తర్వాత మనదే" అంటోంది. గ్రూపులో దాన్ని పెట్టింది దేవేంద్ర. వచ్చే ఎన్నికల్లో సర్పంచిగా నిలబడాలని తిరుగుతున్నవాడు, యాభై ఎకరాల మెట్ట ఉన్నవాడు.

ఊరి ముందర వాగు మోరీ గట్టు మీద ఆ దేవేంద్రే కూర్చుని ఉన్నాడు. పక్కన అయిదారుగురు మనుషులు. జీపు ఆగక తప్పలేదు.

దేవేంద్ర కిటికీ దగ్గరకు వచ్చి లోపలికి వంగాడు. నవ్వు మొహంతోనే ఉన్నాడు. నూరియాను చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"ఏమ్మా పద్మజా, ఈయమ్మేనా అప్పుడు వచ్చినామె?"

"అవునన్నా."

"తలకు ఆ గుడ్డేంది? తురకల్లో కలిసిందా ఏమి?"

వెనకున్నవాళ్ళు దగ్గరికి జరిగారు. ఒకడు ఫోను పైకెత్తాడు. బాబావలి మెడ వెనక చెమట గీతలా కారడం పద్మజకు కనిపించింది. ఆలోచించకుండానే ఆమె నోటి నుంచి మాట జారింది.

"కాదన్నా. జబ్బు చేసింది ఆయమ్మకు. క్యాన్సరు. మందులకు జుట్టంతా ఊడిపోయింది."

దేవేంద్ర మొహం మారింది. ఫోను ఎత్తినవాడు దించేశాడు.

"అయ్యో" అన్నాడు దేవేంద్ర. "అంత జుట్టు ఉండె కదమ్మా! పోండి, పోండి. ఎండలో నిలబెట్టినాము."

జీపు కదిలింది. బాబావలి గేరు మారుస్తూ, తెలుగులో, మెల్లగా అన్నాడు. "ఎందుకు చెప్పినావు పాపా ఆ మాట? నిలబడదది."

"ఏమన్నాడు కిటికీ దగ్గరికొచ్చిన ఆయన?" అని నూరియా అడిగింది.

"మీరు ఆరోగ్యంగా ఉన్నారా అని అడిగాడు" అంది పద్మజ.

మాట జీపుకంటే ముందే ఊరు చేరింది. రామాంజినమ్మ ఎదురొచ్చేసరికే ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నూరియా రెండు చేతులూ పట్టుకుని, మాట్లాడలేక, ఆమె చెంపలు తడిమింది. తల మీది గుడ్డను వేళ్ళ కొసలతో తాకి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎందుకు ఏడుస్తోంది?" అంది నూరియా.

"సంతోషం. చాలా రోజులకు చూసింది కదా."

ఇది మూడో అబద్ధం. మొదటిదాని కంటే తేలిగ్గా వచ్చింది. అదే పద్మజను ఎక్కువ భయపెట్టింది.

చిన్న ఇల్లు. ఆడవాళ్ళు గుంపుగా లోపలికి వచ్చారు. ఒకామె రాగి అంబలి తెచ్చింది. ఒకామె తన చిన్నాయన కూతురికి కూడా ఇట్లానే అయిందనీ, ఇప్పుడు బాగుందనీ చెప్పింది. రామాంజినమ్మ కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. తర్వాత పెట్టెలోంచి ఒక పొట్లం తీసింది. అది పీర్ల పండగనాటి నిప్పుల గుండం బూడిద. ఆ ఊళ్ళో ముస్లిం ఇల్లు ఒక్కటీ లేదు, అయినా పీర్ల చావిడి ఉంది. పీర్ల పండగకు ఊరంతా చక్కెర చదివింపులు ఇస్తుంది. రామాంజినమ్మ తమ్ముడి పేరు కుళ్ళాయప్ప. పీర్ల సామి కుళ్ళాయప్ప పేరే పెట్టారు అతనికి.

"సామీ, ఈ బిడ్డను కాపాడు" అని ఆమె ఆ బూడిదను నూరియా నుదుట రాసింది. నూరియా అర్థంకాక పద్మజ వైపు చూసింది. పద్మజ చూపు తిప్పుకుంది. ఎప్పుడు బయటపడదామా, జీపు ఎప్పుడు ఎక్కుదామా అన్నదొక్కటే ఆమె మనసులో ఉంది.

అశ్విని అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇప్పుడు ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. నూరియా రమ్మని చెయ్యి చాపితే వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు మాటలు కూడగట్టుకుని, బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషులో అడిగింది.

"ఆంటీ, మీ క్యాన్సర్ నొప్పి పెడుతోందా?"

నూరియాకు ఇంగ్లీషు కొంచెం వచ్చు. పిల్ల మొహం చూసింది. ఏడుస్తున్న ముసలామెను చూసింది. నుదుటి బూడిద తుడుచుకోలేదు గానీ, వేలితో తాకి చూసుకుంది. పద్మజ వైపు తిరిగింది.

"ఏం చెప్పావు వీళ్ళకు?"

పద్మజ చెప్పింది. చెప్పక తప్పలేదు.

నూరియా గట్టిగా అరవలేదు. ఒక్కొక్క మాటా విడదీసి పలికింది. "మా అమ్మ కూడా ఇదే చెప్పింది. మా వీధిలో వాళ్ళందరికీ. నా కూతురికి క్యాన్సర్, అందుకే తల కప్పుకుంటోంది అని. కూతురు చచ్చిపోతుందని చెప్పుకోవడం ఆమెకు తేలికైంది. ఆ మాట తప్పించుకునే ఇంత దూరం వచ్చాను, పద్మజా. నిజం చెప్పు."

"చెప్పలేను" అంది పద్మజ. "మీరు ఈ వారంలో విమానం ఎక్కుతారు. నేను ఇక్కడుండాలి. బాబావలి అన్న ఇదే రోడ్డు మీద రోజూ బండి తోలాలి. ఆయన పేరేంటో మీకు తెలుసు కదా? దయచేసి లేవండి, పోదాం."

నూరియా ఒక్క క్షణం తలుపు బయట జీపు దిక్కు చూసింది. ఆ మాట ఆమెకు తగిలినట్టే ఉంది. కానీ ఇంతలో రామాంజినమ్మ ఆమె తలను తన రొమ్ముకు హత్తుకుని, "నాకంటే ముందు పోతావా బిడ్డా" అని గొల్లుమంది. భాష తెలియకపోయినా ఆ ఏడుపు ఏమిటో తెలియనివాళ్ళు ఉండరు. నూరియా మెల్లగా విడిపించుకుని అశ్విని వైపు తిరిగింది.

"నాకు జబ్బు లేదు. నేను ముస్లిం అయ్యాను. మీ అవ్వకు చెప్పు" అంది ఇంగ్లీషులో.

"వద్దు" అంది పద్మజ. అప్పటికే అశ్విని చెప్పేసింది.

"అవ్వా, ఆంటీకి జబ్బు ఏం లేదంట. తురకల్లో కలిసిందంట."

రాగి అంబలి తెచ్చిన ఆమె చెంబు పట్టుకుని గడప దాటింది. ఇంకొకామె ఆమె వెనకే. ఇల్లు ఖాళీ అయింది.

రామాంజినమ్మ మాత్రం కూర్చున్నచోటే ఉంది. "జబ్బు లేదా?" అంది.

"లేదవ్వా."

"తల్లీ!" అని చేతులెత్తి దండం పెట్టింది. తర్వాత పద్మజను చూసింది. ఆ చూపు కంటే చెంప దెబ్బ మేలనిపించింది పద్మజకు.

బయట కేకలు. దేవేంద్ర వచ్చాడు. ఈసారి పదిహేను మంది దాకా ఉన్నారు. జీపు తాళం ఎవరో లాక్కున్నారు. బాబావలిని బానెట్‌కు ఆనించి నిలబెట్టారు.

"నీ పేరేమప్పా?"

"బాబావలి."

"ఓహో" అన్నాడొకడు. "అందరూ ఒకటే ఊరి నుంచి వచ్చినట్టున్నారే."

దేవేంద్ర పద్మజ ముందుకొచ్చాడు. అతనిలో కోపం కంటే మరేదో ఎక్కువ కనిపించింది. "తురకామె అయితే తురకామె అని చెప్పల్ల. మాకు కొత్తా ఏమి తురకలు? నువ్వు ఎందుకు దాచినావు? దాచినావంటే ఏదో ఉండాది."

భయపడి చెప్పానంటే, దేనికి భయం అంటాడనుకుంది పద్మజ. ఫోన్లు అన్నివైపులా లేచాయి. ఎవరో జీపులోంచి నూరియా సంచి తెచ్చి మట్టిలో బోర్లించారు. రంగు పెన్సిళ్ళు, ఒక గౌను, చాక్లెట్లు. అడుగు నుంచి చుట్టచుట్టిన చిన్న నమాజు చాప దొర్లింది.

"చూడండన్నా! పిల్లలకు నేర్పను తెచ్చింది" అని ఒకడు దాన్ని కాలితో తన్నాడు.

రామాంజినమ్మ వచ్చింది. వంగి ఆ చాప ఎత్తుకుని, దులిపి, చంకలో పెట్టుకుంది. "మీ ఇంట్లో తొక్కుతారేమిరా దేవుని గుడ్డను? నీకు గవదలు వస్తే పీర్ల చావిడిలో పొర్లించలేదా దేవేంద్రా, మీయమ్మ?"

"అవ్వా, ఆ పీర్లు మనయి. ఇది వేరు." దేవేంద్ర తన ఫోను ఆమె ముందు పెట్టాడు. అదే వీడియో. "చూడు. ఆ దేశంలో ఎట్ల పెరిగినారో చూడు. ఆడ కూడా మనమాదిరే పల్లెలు ఖాళీ అయితే వచ్చి చేరినారంట. మన ఊర్లో ఎన్ని ఇండ్లకు తాళాలు ఉండాయో నీకు తెలీదా? రేపు ఎవరు వస్తారు వాటిల్లోకి? నాకు రాత్రి నిద్ర పట్టదు."

నూరియా ఆ ఫోను వైపు వంగి చూసింది. "ఏమంటున్నాడు?" అంది.

పద్మజ చుట్టూ చూసింది. ఇంకో అబద్ధం నోట్లో సిద్ధంగానే ఉంది. అది చెబితే ఏమవుతుందో కూడా ఇప్పుడు తెలుసు. పళ్ళు బిగబట్టి, అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు స్పానిష్‌లో చెప్పింది. నూరియా జవాబును అంతే తెలుగులో చెప్పింది. గొంతు వణుకుతూనే ఉంది, మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది.

"వాళ్ళు వీధిలో ఎందుకు నమాజు చేస్తున్నారో తెలుసా అని అడుగుతాండాది. ఈ వీధి సంగతి ఆయమ్మకు తెలీదంట. వాళ్ళ ఊళ్ళో అయితే పాత కార్ల షెడ్డులో చేసుకుంటాండ్రి. మనుషులు ఎక్కువైనారు, షెడ్డు మూసేసినారు. మసీదు కట్టుకుంటామంటే ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని శుక్రవారం రోడ్డు మీద. వాళ్ళు వచ్చింది కూలికి. ఊరివాళ్ళు చేయని పనికి. మనోళ్ళు బెంగళూరు పోయినట్టే అంటాండాది."

"మరి వాళ్ళను చూస్తే ఆ ఊరోళ్ళకు భయం ల్యాదా? అడుగు."

పద్మజ అడిగి, జవాబును తెలుగులో చెప్పింది.

"ఉంది అంటాండాది. తనకు కూడా ఉండేదంట ఒకప్పుడు. వాళ్ళమ్మకు ఇప్పటికీ ఉందంట. ఈయమ్మ బజార్లో పోతాంటే ఎవడో ఉమ్మేసినాడంట. ఇప్పుడు తనకు సొంత ఊరోళ్ళంటే భయం."

దేవేంద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు. "కన్నతల్లికే భయమైతే మాకు ఉండదా?" అన్నాడు.



కాసేపటికి దేవేంద్రే తాళం ఇప్పించాడు. "పోండి. మళ్ళ రావద్దు. ట్యూషన్ గది కూడా వద్దు మా ఊరికి." రామాంజినమ్మ చాపను నూరియా చేతిలో పెట్టింది. అశ్విని గౌను మాత్రం తీసుకుని లోపలికి పరిగెత్తింది. జీపు మోరీ దాటుతుండగా వెనక అద్దం భళ్ళుమంది. రాయి ఎవరు వేశారో చూడటానికి బాబావలి ఆగలేదు. తనకల్లులో టీ కొట్టు దగ్గర ఆపి, గాజు ముక్కలు ఏరుతూ బాబావలి అన్నాడు.

"ఈయమ్మ నిజం చెప్పింది. మంచిదే. నువ్వు నా కోసం అబద్ధం చెప్పినావు, అదీ తెలుసు. కానీ నా పేరు నేనే చెప్పుకునేవాణ్ణి పాపా. నా పేరు దాచాల్సిందని నీకు అనిపించిందే, అదే మింగుడు పడటం లేదు."

నూరియా వెళ్ళిపోయింది. ఆరోజు గుంపులో తీసిన వీడియో మాత్రం వెళ్ళలేదు. పద్మజ వణుకుతూ తెలుగు చెబుతున్న ముక్క ఒక్కటే కత్తిరించి, "పిల్లలను మతం మార్చే ముఠా" అని పేరు పెట్టి, జిల్లా అంతా తిప్పారు. ధర్మవరంలో ఆమె నాయన జయరాముడికి మగ్గం గుంటలో కూర్చుని ఉండగానే ఎవరో చూపించారు. ఆయన చీర సగంలో వదిలి లేచి, వీధి తలుపులేశాడు. "ఇంక పోవద్దమ్మా ఆ పనికి" అన్నాడు. ముక్కూమొహం తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వచ్చేవి. బాబావలి ఆ రోడ్డు వద్దని అడిగి, వేరే రూటుకు మారిపోయాడు.

నెల తిరిగాక ట్యూషన్ చెప్పే పిల్ల ఫోను చేసింది. రామాంజినమ్మ సంతకు తనకల్లు వస్తుందనీ, పద్మజను చూడాలంటోందనీ. నాయనకు చెప్పకుండా బస్సెక్కింది పద్మజ. కదిరిలో ఎక్కిన ఇద్దరు తన వైపు చూసి గుసగుసలాడినట్టు అనిపించి, దిగిపోదామనుకుంది. దిగలేదు. తనకల్లు బస్టాండులో దేవేంద్ర మనుషుల్లో ఒకడు నిలబడి ఉన్నాడు. ఆమెను చూశాడు, గుర్తుపట్టాడు. ఏమీ అనలేదు. అనకపోవడం కూడా భయంగానే ఉంది.

సంతలో ఒక వేపచెట్టు నీడన రామాంజినమ్మ కూర్చుని ఉంది, పక్కన అశ్విని. పద్మజ వెళ్ళి కింద కూర్చుంది. "అవ్వా, తప్పయింది" అంది.

"అయింది" అంది రామాంజినమ్మ. "ఆ బిడ్డ సచ్చిపోతాదని నా పేగులు తెగేట్టు ఏడ్చినాను. తురకల్లో కలిసిందంటే నేను ఏమి అందునో నీకు తెలీదు. నాకూ తెలీదు అప్పటికి. అడిగి చూడల్ల కదా? అడగకనే నేను తరుముతానని అనుకుంటివి."

పద్మజ తలవంచుకుంది.

"ఈ పిల్లను కదిరి హాస్టల్లో చేర్పిస్తాండా. ఊర్లో ఉంటే రోజూ ఒక మాట అంటాండారు. ఆయమ్మ ఇంక చదివిస్తాదో లేదో ఆయమ్మ ఇష్టం. ఫోను చెయ్యి. ఇప్పుడే చెయ్యి. నేను మాట్లాడల్ల."

సంతలో జనం అటూ ఇటూ నడుస్తున్నారు. ఆ మనిషి బస్టాండు వదిలి కూరగాయల గుట్టల దాకా వచ్చి నిలబడ్డాడు. అయినా పద్మజ నంబరు నొక్కింది. అక్కడ తెల్లవారుతున్నట్టుంది, నూరియా నిద్ర గొంతుతో పలికింది.

"ఏమ్మా, బాగుండావా?" అని రామాంజినమ్మ ఫోనులోకి, ఊరంతా వినేట్టు అరిచింది. "మీయమ్మ మాట్లాడతాండాదా నీతో?"

పద్మజ ఒకసారి ఆ మనిషి వైపు చూసింది. తర్వాత ఫోనుకు మొహం దగ్గరగా పెట్టి, ఆ మాటను ఉన్నది ఉన్నట్టు చెప్పింది.